సార్ల టీఏ సరే, బెంచ్ కూర్చోకపోయిన రోజు మా బస్సు చార్జీలు ఎవరియ్యాలె?

మా వాట్సాప్ గ్రూపులో నిన్నటి నుంచి ఒకటే లొల్లి. వినియోగదారుల కమిషన్ (కొన్న సరుకు మోసం చేస్తే కేసు వేసే చోటు) సభ్యులకు రాష్ట్ర ప్రభుత్వంలో డిప్యూటీ సెక్రటరీ స్థాయి జీతమట, పైగా టీఏ (ప్రయాణ ఖర్చులు) కూడానట, ఎందుకంత అని. నేనైతే ఇవ్వాలనే అంటా. వాయిదాలకు తిరిగి చెప్పులు అరగ్గొట్టుకున్నోణ్ణి కాబట్టి అంటున్నా.

23 వేల ఫ్రిజ్. ఆరు నెలలకే కంప్రెసర్ పోయింది. అమ్మ పేరు మీద కేసు వేశాం. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలు కూడా అక్కర్లేదు. మూడో వాయిదాకు పొద్దున ఏడింటికి పరకాలలో బస్సెక్కాం. అమ్మకు జీరో టికెట్, నాకు పైసలు. (ఆ మహాలక్ష్మి ఫ్రీ బస్సు లేకుంటే రెండో వాయిదాకే కేసు ఇడిచిపెట్టేవాళ్లం.) పదకొండున్నర దాకా వరండాలో కూర్చున్నాక గుమస్తా వచ్చి, "ఇయ్యాల బెంచ్ లేదమ్మా, మెంబర్ సార్ వేరే జిల్లాకు పోయిండు" అని కొత్త తేదీ చీటీ మీద రాసిచ్చాడు. అమ్మ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి టిఫిన్ సంచిలో దోపుకుంటూ, "గిది నిన్ననే ఫోన్ జేసి చెప్తే ఏంబోయేది బిడ్డా" అన్నది. నాకు ఆ పూట గిరాకీ పోయింది. ఏ ఊరి కమిషనో చెప్పను, కేసు ఇంకా నడుస్తోంది.

సార్ మీద కోపం వచ్చింది గానీ, తర్వాత చట్టం తిరగేశా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అధ్యక్షుడితో పాటు కనీసం ఒక్క సభ్యుడైనా కూర్చుంటేనే బెంచ్, అప్పుడే విచారణ. ఎక్కడైనా పోస్టు ఖాళీగా ఉంటే, పక్క జిల్లా సభ్యుడికి ఆ పని కూడా అప్పగించొచ్చు. ఇంకేముంది, ఒక్క మనిషి, రెండు కుర్చీలు. మీరు తిడుతున్న టీఏ బిల్లు అట్లా పుడుతుంది. పోస్టు నింపితే ఆ తిరుగుడే ఉండదు కదా!

జీతాలంటారా, మొన్నటిదాకా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో లెక్క. 2025 మేలో సుప్రీంకోర్టు దేశమంతా ఒకే తీరుగా ఇవ్వాలని, 2020 జూలై 20 నుంచి లెక్కగట్టాలని చెప్పింది. మంచిదే. అరకొర ఇస్తామంటే నడుస్తున్న వకీలు ప్రాక్టీస్ ఇడిచిపెట్టి ఎవరొస్తారు?

నా పంచాయితీ వేరే. అవతలి పార్టీ వాయిదా అడిగితే మాకు ఖర్చులు ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. బెంచే కూర్చోకుంటే మా ఖర్చులు ఎవర్ని అడగాలి? మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. మా ఫ్రిజ్ రెండో ఎండాకాలం కూడా మూలకే ఉంది, అమ్మ దాంట్ల బియ్యం పోసి పెట్టుకుంది.

మళ్లీ మంగళవారం వాయిదా. "సార్ వస్తడో రాడో ముందు కనుక్కో" అని అమ్మ పొద్దటి నుంచి ఒకటే పోరు. ఫోన్ చేస్తే ఎత్తేటోళ్లు లేరు.