సవరణ: ఇన్యూట్ బడుల్లో వాతావరణ మార్పు పాఠాలు

కెనడా ఉత్తరాన ఉండే ఆదివాసులైన ఇన్యూట్‌ల పిల్లలకు ప్రాథమిక బడిలో వాతావరణ మార్పును అన్ని సబ్జెక్టుల్లో కలిపి చెప్పాలని నేను రాసిన పోస్టుకు ఈ సవరణ. ఇన్యూట్ బడులన్నీ ఒకే వ్యవస్థ కింద ఉన్నట్టు అందులో ఉంది, అది సరికాదు. నూనవుట్ 1999లో ఏర్పడిన ప్రత్యేక టెరిటరీ, అక్కడి 2008 విద్యా చట్టం ఇన్యూట్ సంప్రదాయ జ్ఞానాన్నే చదువుకు పునాది చేసింది. ఇన్యూట్‌ల మరో ప్రాంతం నూనవిక్ మాత్రం క్యూబెక్ రాష్ట్రంలో ఉంది, దాని స్కూల్ బోర్డు 1975లో ప్రభుత్వాలతో కుదిరిన జేమ్స్ బే ఒప్పందం వల్ల వచ్చింది.

ఇంకో పీరియడ్ పెడితే టీచర్లకు టెన్షన్ కాదా అని కొందరు అడిగారు. అదనపు పీరియడ్ పెట్టమని కాదు నేనన్నది. సముద్రపు మంచు మందం కొలతలతో లెక్కల క్లాసులో గ్రాఫు గీయించవచ్చు (ఇంకో ఇన్యూట్ ప్రాంతం నూనత్సియావుట్‌లో మొదలైన, మంచును కొలిచే స్మార్ట్‌ఐస్ సంస్థ వాళ్లు స్నోమొబైల్ వెనక లాగే స్లెడ్జి మీద పరికరం పెట్టి కొలిచేది ఈ మందాన్నే), ఊళ్లో పెద్దలు చెప్పే వేట అనుభవాలను పిల్లలచేత వాళ్ల భాష ఇనుక్టిటుట్‌లో రాయించవచ్చు, పర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేల) కరిగితే ఇళ్లు ఎందుకు కుంగుతాయో సైన్సులో చూపించవచ్చు. ఇంట్లోవాళ్లు వేటకు వెళ్లేది ఆ సముద్రపు మంచు మీదే కాబట్టి, ఎలా చెప్పినా చిన్నపిల్లలను భయపెట్టకుండా చెప్పాలి, ఆ మాట మాత్రం మార్చను.