కెమెరా ఉంటే సరిపోదు, ఫుటేజీ 30 రోజులు ఉండాలి

రావులపాలెం నుంచి భీమవరం దాకా ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా సీసీ కెమెరాల నిఘా ఉందన్న బోర్డు గుమ్మం దగ్గరే కనిపిస్తుంది. ఆ ఫుటేజీ ఎన్నాళ్లు ఉంచుతారో మాత్రం నేను చూసిన ఏ బోర్డు మీదా రాసి లేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

గత మాఘమాసంలో పాలకొల్లు దగ్గర ఒక హాలులో మా బంధువుల పెళ్లి జరిగింది. పదహారు రోజుల పండగకని నగల పెట్టె తెరిస్తే పెళ్లికూతురి వంకీ కనబడలేదు. ఆమె గదిలోకి ఎవరెవరు వచ్చి వెళ్లారో వరండా కెమెరాలో చూద్దామని వెళితే, మేనేజరు కెమెరాల రికార్డింగు పెట్టె అయిన డీవీఆర్‌లో తేదీలు వెనక్కి జరిపి చూపించారు. వారం దాటాక క్యాలెండరు గళ్లన్నీ ఖాళీ. "ఆ వారంలోనే వచ్చుంటే దొరికేదండి" అన్నారాయన. వ్రతమూ, మనుగుడుపులూ, చుట్టాల సాగనంపులూ తీరకుండా పెళ్లివారింట నగలు లెక్కపెట్టుకునే తీరిక ఎవరికుంటుంది?

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన ప్రజా భద్రత చర్యల అమలు చట్టం ప్రకారం, ఒకేసారి 100 మంది గానీ రోజుకు 500 మంది గానీ చేరే సంస్థలు కెమెరాలు పెట్టి, ఫుటేజీని 30 రోజులు భద్రపరచి, పోలీసు ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు ఇవ్వాలి. మన పెళ్లిళ్ల హాళ్లకు ఈ లెక్క వర్తించదని ఎవరనగలరు?

ఫుటేజీ చెరిగిపోవడానికి కారణం చిన్నది. కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు సుమారు 21 గిగాబైట్లు, ఎనిమిది కెమెరాలకు 170 పైచిలుకు అవుతుంది. 1 టెరాబైట్ హార్డ్ డిస్క్ ఆరు రోజుల్లోపే నిండి, పాతదాని మీదే కొత్తది ఎక్కుతుంది. 6 టెరాబైట్ల డిస్క్ వేస్తే 30 రోజులు వస్తుంది, వీడియోను మరింత కుదించే హెచ్.265 పద్ధతిలో రికార్డు చేసే డీవీఆర్‌కు దాదాపు అందులో సగం చాలు. ఒక్క పెళ్లికి లక్షల్లో అద్దె తీసుకునేవారికి ఇది భారమంటే నేను ఒప్పుకోను.

నష్టం ఎప్పుడు బయటపడుతుందో చూసి గడువు పెట్టాలి. బ్యాంకు లాకరును ఏ ఆరు నెలలకో తెరుస్తాం; ఆ గది రాకపోకల ఫుటేజీని కనీసం 180 రోజులు ఉంచాలని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఆదేశించింది. పోలీసు స్టేషన్లలో 18 నెలలు, అంత నిల్వ చేసే పరికరాలు దొరకకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఎల్లకాలం దాచమని నేను అడగడం లేదు. ఆడపిల్లలూ చిన్నపిల్లలూ తిరిగే చోట అది మరో ప్రమాదం. 30 రోజులు ఉంచి చెరిపేయండి. ఫిర్యాదు వస్తే మాత్రం ఆ పూటే ఆ భాగాన్ని పెన్‌డ్రైవులోకి తీసి పెట్టండి. హాలు బుక్ చేసుకునేవారు ఏసీ గదులెన్ని, వంటశాల ఎంత అని అడిగినట్టే ఫుటేజీ ఎన్ని రోజులుంటుందో అడిగి, ఆ సంఖ్యను రసీదు మీద రాయించుకోండి.