కాగితం మిల్లులను చంపింది ఫోనేనా? రెండు రైలింజన్ల ఫొటో చుట్టూ అల్లిన కథకు జవాబు

అమెరికా అడవిలో పక్కపక్కనే తుప్పు పట్టి నిలబడిన రెండు ఆవిరి ఇంజన్ల ఫొటో ఒకటి సామాజిక మాధ్యమాల్లో తెగ తిరుగుతోంది. దాని కింద ఉన్న మాటల సారాంశం ఇది: కంప్యూటర్లు, ఫోన్లు వచ్చాక కాగితం అవసరం తీరిపోయింది. మిల్లులు మూతపడ్డాయి, వాటికి సరుకు మోసిన రైళ్లు ఇలా అడవిపాలయ్యాయి. పోనీలే, చెట్లయినా బతికాయి. మన కాగజ్‌నగర్‌ది కూడా ఇదే కథ. పోయిన మిల్లు మళ్లీ రాదు.

చదివినవాళ్లు అయ్యో అనుకుని ఇంకో నలుగురికి పంపుతున్నారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఈ కథలో ఒక్క మాట కూడా పరీక్షకు పూర్తిగా నిలబడదు. అంతకంటే బాధ కలిగించేది, వేల కుటుంబాల బతుకును తెంచిన నిర్ణయాలన్నిటినీ ఇది "కాలం" ఖాతాలో రాసేస్తోంది. అందుకే ఒక్కో మాటా విడిగా తీసుకుంటాను.

"కంప్యూటర్లు రావడంతో ఈ రైళ్లు ఆగిపోయాయి"

ఫొటోలోని ఇంజన్లు అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ రాష్ట్రంలో, అలగాష్ అడవుల్లో, ఈగిల్ సరస్సుకు దగ్గరలో ఉన్నాయి. అవి ఈగిల్ లేక్ అండ్ వెస్ట్ బ్రాంచ్ రైల్‌రోడ్ అనే చిన్న మార్గానికి చెందినవి. మొత్తం పొడవు 13 మైళ్లు, అంటే సుమారు 21 కిలోమీటర్లు. ఎడ్వర్డ్ లాక్రువా అనే కెనడా కలప వ్యాపారి 1926-27లో దీన్ని వేయించాడు. దాని పని ఒక్కటే: ఈగిల్ సరస్సు దగ్గర పోగుపడిన, కాగితం గుజ్జుకు వాడే కలపను ఉంబజూక్సస్ సరస్సుకు చేర్చడం. అక్కడి నుంచి దుంగలు పెనబ్‌స్కాట్ నది పడమటి పాయలో తేలుతూ మిలినాకెట్ ఊళ్లోని గ్రేట్ నార్తర్న్ కాగితం మిల్లుకు చేరేవి. వ్యాగన్ల నేల ఒక పక్కకు వాలుగా ఉండేది. సరస్సు ఒడ్డున ఆపి పక్క తలుపు తెరిస్తే సగం దుంగలు వాటంతటవే నీళ్లలోకి దొర్లేవి, మిగతావాటిని మనుషులు తోసేవారు. నిప్పురవ్వలు అడవికి అంటుకుంటాయన్న భయంతో ఇంజన్లను బొగ్గు బదులు నూనెతో నడిపేవారు.

ఈ మార్గం 1933లో ఆగిపోయింది. మహా మాంద్యం రోజులవి, కాగితానికి గిరాకీ పడిపోయింది. ఇంజన్లను షెడ్డులో పెట్టి వెళ్లిపోయారు. ఆ షెడ్డు 1969లో కాలిపోయాక అవి ఆరుబయట మిగిలాయి. కంప్యూటర్ పుట్టకముందే ఆగిన రైలు కంప్యూటర్ వల్ల ఎలా ఆగుతుంది? పైగా, ఆ రైలు కలప మోసిన మిలినాకెట్ మిల్లు దాని తర్వాత ఇంకో 75 ఏళ్లు నడిచింది.

"కాగితం అవసరం తీరిపోయింది"

ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. పత్రికలకు వాడే న్యూస్‌ప్రింట్, ముద్రణ కాగితం అమెరికాలో బాగా పడిపోయిన మాట వాస్తవం. వాటినే నమ్ముకున్న మిల్లులకు దెబ్బ తగిలింది. కానీ కాగితమంటే దినపత్రిక ఒక్కటేనా? ప్రపంచమంతా కలిపి 2000లో సుమారు 32 కోట్ల టన్నుల కాగితం, అట్ట తయారైతే, ఇప్పుడది 40 కోట్ల టన్నులు దాటింది. ఫోనులో ఆర్డరు పెట్టిన ప్రతి వస్తువూ అట్టపెట్టెలోనే కదా ఇంటికి వస్తోంది! మెయిన్ రాష్ట్రంలోనే స్కౌహీగన్‌లో ఉన్న మిల్లులో సాపీ సంస్థ సుమారు 50 కోట్ల డాలర్లు పెట్టి ఒక యంత్రాన్ని ప్యాకేజింగ్ అట్ట తయారీకి మార్చింది. రమ్‌ఫర్డ్ మిల్లును 2018లో చైనాకు చెందిన నైన్ డ్రాగన్స్ సంస్థ కొని నడుపుతోంది. గిరాకీయే లేని సరుకు మీద ఎవరూ అంత డబ్బు పోయరు.

మరి మిలినాకెట్ ఎందుకు పోయింది? ఇక్కడ కాస్త ఆగాలి, అసలు కథ ఇక్కడే ఉంది.

గ్రేట్ నార్తర్న్ మిల్లు 1900లో మొదలైంది. అప్పటికి ప్రపంచంలోని అతి పెద్ద కాగితం మిల్లుల్లో అదొకటి. అడవి మధ్యలో చూస్తుండగానే ఊరు లేచింది కాబట్టి మిలినాకెట్‌ను "మాయా నగరం" అని పిలుచుకున్నారు. కంపెనీకి మూడు బలాలుండేవి: 20 లక్షల ఎకరాలకు పైగా సొంత అడవి, నది మీద సొంత ఆనకట్టలు, వాటి నుంచి కారుచౌకగా సొంత కరెంటు. కాగితం తయారీ గురించి కాస్త తెలిసినవారికి కూడా ఈ మూడింటి విలువ చెప్పనక్కర్లేదు. దుంగను నూరి గుజ్జు చేయాలన్నా, గుజ్జును పరిచి ఆరబెట్టాలన్నా కరెంటు, ఆవిరి పెద్ద ఎత్తున కావాలి.

ఈ మూడూ ఎలా చేజారాయో చూడండి. 1990లో జార్జియా-పసిఫిక్ సంస్థ గ్రేట్ నార్తర్న్ యాజమాన్యం వద్దంటున్నా కంపెనీని చేజిక్కించుకుంది. మరుసటి ఏడాదే మెయిన్‌లోని ఆస్తులను బోవాటర్ అనే కాగితం కంపెనీకి అమ్మేసింది. బోవాటర్ 1990ల చివర్లో అడవిని ముక్కలుగా అమ్మి, 1999లో మిల్లులను ఇనెక్స్‌కాన్ అనే సంస్థకు ఇచ్చింది. 2002లో ఆనకట్టలు బ్రాస్కాన్ అనే కెనడా సంస్థ బృందం చేతికి వెళ్లాయి. 2003 జనవరిలో మిల్లు దివాలా తీసింది. ఒకప్పుడు నాలుగు వేలమందికి పైగా పని ఇచ్చిన కంపెనీ అది. దివాలా నాటికి మొదటి ఐఫోన్ రావడానికి ఇంకా నాలుగేళ్లుంది.

ఆ తర్వాత బ్రాస్కానే మిల్లులనూ తీసుకుంది. 2008లో మిలినాకెట్ మిల్లును ఆపినప్పుడు చెప్పిన కారణం చమురు ధర. ఆవిరి కోసం నూనె మండించాల్సి వస్తోంది, గిట్టుబాటు కాదన్నారు. నది ఊరి పక్కనే పారుతోంది, టర్బైన్లు తిరుగుతూనే ఉన్నాయి, కరెంటు మాత్రం మిల్లు ఆస్తిగా లేదు. 2011లో ఆ మిల్లూ, పక్కనున్న ఈస్ట్ మిలినాకెట్ మిల్లూ కలిపి ఒక్క డాలరుకు చేతులు మారాయి. ఈస్ట్ మిలినాకెట్ మిల్లు కూడా 2014లో ఆగిపోయింది. ఆనకట్టలు మాత్రం ఇప్పటికీ కరెంటు అమ్మి సంపాదిస్తూనే ఉన్నాయి. లాభమొచ్చే భాగాలను ఒక్కొక్కటిగా విడదీసి, మిగిలిన దాన్ని కార్మికుల నెత్తిన పెట్టి, చివరికి "కాలం మారింది" అంటే నేను ఒప్పుకోను.

"మిల్లు పోవడంతో రైలు పోయింది"

ఈ మాట వినడానికి సబబుగానే ఉంటుంది. తారీఖులు చూస్తే తలకిందులవుతుంది.

మిలినాకెట్ కాగితాన్ని బయటి ప్రపంచానికి చేర్చింది బ్యాంగర్ అండ్ అరూస్టుక్ రైల్‌రోడ్. 1891లో ఏర్పడింది. దానికి కాగితం ఒక కన్నయితే, అరూస్టుక్ జిల్లా బంగాళాదుంపలు రెండో కన్ను. గడ్డకట్టే చలికాలంలో దుంపలు పాడుకాకుండా వ్యాగన్లలో హీటర్లు పెట్టి పంపేవారు. 1969-70 శీతాకాలంలో ఆ వ్యాగన్లు దక్షిణాన పెన్ సెంట్రల్ రైల్వే యార్డుల్లో చిక్కుకుపోయాయి. అప్పుడే కొత్తగా విలీనమైన ఆ భారీ సంస్థ లోపల అంతా గందరగోళం. దుంపలు వ్యాగన్లలోనే చెడిపోయాయి. 1970 జూన్‌లో పెన్ సెంట్రల్ దివాలా తీసింది. నష్టపోయిన రైతులు లారీలకు మళ్లారు, మళ్లీ రైలు ముఖం చూడలేదు. మిల్లులు నిక్షేపంగా నడుస్తున్న రోజుల్లోనే ఈ రైల్వే తన సరుకులో పెద్ద భాగం పోగొట్టుకుంది.

కలప సంగతీ అంతే. 1971లో గ్రేట్ నార్తర్న్ నదిలో దుంగలు తేల్చడం ఆపేసింది. దాని బదులు అడవి గుండా కెనడా సరిహద్దు దాకా సుమారు 150 కిలోమీటర్ల సొంత లారీ రోడ్డు వేసుకుంది. ప్రజల డబ్బుతో వేసిన జాతీయ రహదారి కూడా ఉత్తరానికి వచ్చింది. లారీకి రోడ్డు ప్రభుత్వం వేసి ఇస్తుంది, అక్కడి రైల్వే కంపెనీ మాత్రం తన పట్టాలు తానే వేసుకుని, మరమ్మతు చేసుకుని, వాటి మీద పన్ను కూడా కట్టాలి. ఈ పోటీని సమానమైన పోటీ అని ఎలా అనగలం?

బ్యాంగర్ అండ్ అరూస్టుక్ 2001లోనే దివాలా కోర్టుకు వెళ్లింది. మిల్లు దివాలా 2003లో. ముందు పడింది రైలే.

దాని పట్టాలను కొన్న కొత్త సంస్థ పేరు మాంట్రియల్, మెయిన్ అండ్ అట్లాంటిక్. 2003 జనవరిలో, అంటే మిల్లు దివాలా తీసిన నెలలోనే అది రంగంలోకి దిగింది. సరుకు తగ్గేకొద్దీ సిబ్బందిని, వేతనాలను కోసింది. చివరికి ముడి చమురు రైళ్లను ఒక్క మనిషితో నడిపించే దాకా వెళ్లింది. 2013 జూలై 5 రాత్రి కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో, నాంట్ దగ్గర వాలు మీద 72 ట్యాంకర్ల రైలును నిలిపి డ్రైవరు హోటలుకు వెళ్లాడు. తర్వాత ముందు ఇంజనులో మంట రేగింది. ఆ ఇంజనుకు ఎనిమిది నెలల ముందు సరైన మరమ్మతు చేయకుండా జిగురులాంటి పదార్థంతో అతికించి నడిపారని కెనడా రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేలింది. మంట ఆర్పినవారు ఇంజను ఆపేశారు. దాంతో గాలి బ్రేకులు మెల్లగా పట్టు వదిలాయి. బిగించిన చేతి బ్రేకులు ఏడే, అంత బరువుకు అవి ఏమాత్రం చాలవు. రైలు పదకొండు కిలోమీటర్లకు పైగా తనంతట తానే దొర్లి లాక్-మెగాంటిక్ ఊరి నడిబొడ్డున పట్టాలు తప్పి పేలింది. 47 మంది చనిపోయారు.

ఆ సంస్థ దివాలా తీసింది, పట్టాలు మాత్రం ఎటూ పోలేదు. మరో సంస్థ కొని బాగుచేసింది. 2020 నాటికి ఆ మార్గం కెనడియన్ పసిఫిక్ రైల్వే చేతికి వచ్చింది, నేటికీ నడుస్తోంది. ఉత్తరాన ఎత్తివేస్తామన్న సుమారు 375 కిలోమీటర్ల మార్గాన్ని మెయిన్ ప్రభుత్వమే కొని కాపాడింది. 2022లో అక్కడి మరో పాత రైల్వే వ్యవస్థను సీఎస్ఎక్స్ అనే పెద్ద రైల్వే సంస్థ కొంది. ఇవన్నీ మిల్లులు చాలావరకు పోయాక జరిగినవే.

"చెట్లయినా బతికాయి"

మెయిన్ రాష్ట్రంలో దాదాపు 90 శాతం భూమి అడవే. మిల్లులు జోరుగా నడిచినప్పుడూ అక్కడ అడవే ఉండేది, నరికిన చోట మళ్లీ మొలిచేది. మిల్లు పోతే జరిగేది వేరు: వంకర కర్ర, సన్న కర్ర కొనేవాడుండడు. 2020లో జే పట్టణంలోని మిల్లులో గుజ్జు ఉడికించే డైజెస్టర్ పేలిపోయాక ఆ ప్రాంతపు కలప కూలీలు, లారీల వాళ్లు అనుభవించింది ఇదే.

మన దగ్గరైతే ఈ వాదన మరీ అన్యాయం. రాజమహేంద్రవరం మిల్లుకైనా, భద్రాచలం దగ్గర సారపాక మిల్లుకైనా వెళ్లే కర్రలో అధికభాగం రైతులు పొలాల్లో వేసిన జామాయిల్, సుబాబుల్, సరుగుడు. అవి కోయడానికే నాటిన తోటలు. మిల్లు మూతపడితే ఆ చెట్టు బతకదు, ఆ రైతు దాన్ని పీకేసి వేరే పంట వేసుకుంటాడు.

"కాగజ్‌నగర్‌ది కూడా ఇదే కథ, పోయిన మిల్లు మళ్లీ రాదు"

కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ కాగితం మిల్లు నిజాం కాలంలో పుట్టింది. 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. ఆ ఏడాది దేశంలో కాగితం వాడకం తగ్గలేదు, పెరిగింది. పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, అట్టపెట్టెలు అన్నిటికీ గిరాకీ ఉంది. మిల్లుకు లేనిదల్లా ముడిసరుకు కొనడానికి చేతిలో డబ్బు. అప్పులు, నష్టాలు పెరిగి చక్రం ఆగింది. జీతాలు లేక కార్మికుల ఇళ్లలో పొయ్యి వెలిగించడమే కష్టమైన ఏళ్లవి. పిల్లల చదువులు మాన్పించినవాళ్లు, కూలికి వలసపోయినవాళ్లు ఎందరో.

2018లో కంపెనీ చట్టాల ట్రిబ్యునల్ ద్వారా జేకే పేపర్ దాన్ని తీసుకుంది. తెలంగాణ ప్రభుత్వం రాయితీలు ప్రకటించింది. అదే ఏడాది మిల్లు మళ్లీ తెరుచుకుంది. ఈ సంగతి ఆ సందేశం రాసినవారికి తెలియదా, తెలిసీ వదిలేశారా అన్నది వాళ్లే చెప్పాలి.

రైలు విషయానికొస్తే, కాజీపేట-బల్లార్షా మార్గం 1929లోనే పూర్తయింది, వయసులో మిల్లు కంటే పెద్దది. దక్షిణాదిని ఢిల్లీతో కలిపే ప్రధాన మార్గమది. మిల్లు మూతపడిన నాలుగేళ్లూ సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్ మీదుగా రైళ్లు ఎప్పటిలాగే నడిచాయి.

తిరిగి తెరుచుకున్నది ఇదొక్కటే కాదు. మధ్యప్రదేశ్‌లోని నేపానగర్‌లో దేశపు తొలి న్యూస్‌ప్రింట్ మిల్లును 2016లో ఆపి, ఆధునికీకరించి, 2022లో మళ్లీ నడిపించారు. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. అదే కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్న అస్సాం మిల్లులు రెండు, పాంచ్‌గ్రామ్‌లోని కచార్ మిల్లు 2015లో, జాగీరోడ్‌లో ఇంకొకటి 2017లో ఆగిపోయాయి. వాటిని లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే ప్రక్రియకు పంపారు. ఆ కార్మికులు బాకీ జీతాల కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కాక, 2021లో గానీ రాష్ట్ర ప్రభుత్వం వాళ్లతో పరిహార ఒప్పందం చేసుకోలేదు.