నీళ్ల సంగతి కూడా రాయాల్సింది

అమెరికాలోని కాన్సాస్‌లో ఉన్న చెయెన్ బాటమ్స్ అనే చిత్తడి నేల మీద మీరు వేసిన వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. కానీ 1988లో రామ్‌సార్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేల అని) వచ్చిందని చెప్పి ఊరుకున్నారు. గుర్తింపు ఇస్తే నీళ్లొస్తాయా అండీ? ఎగువన పొలాలకు బోర్లతో తోడేస్తుంటే ఆ చిత్తడి నేలకు నీళ్లిచ్చే వాల్‌నట్ క్రీక్ వాగు చిక్కిపోయింది. చివరికి 1992లో రాష్ట్ర జలవనరుల చీఫ్ ఇంజనీర్ ఆ తోడకానికి కోత పెట్టారు. రైతులకు కడుపు మండే ఉంటుంది, వాళ్లనీ తప్పుపట్టలేం.

అక్కడ ఉల్లంకి పిట్టలు మేసే తీరు చూడాలి. చీలమండ లోతు నీళ్లలో నిలబడి, కుట్టుమిషన్ సూదిలా ముక్కు బురదలోకి దించి ఎర్రటి పురుగుల్ని లాగుతాయి. నీళ్లు లోతైనా కష్టమే, ఎండితే మేతే లేదు. వీటిలో చాలావాటికి అక్కణ్ణుంచి ఆర్కిటిక్ దాకా ప్రయాణం!

మన దగ్గర కొల్లేరు కోసం బోర్లకో చేపల చెరువులకో ఇలా కోత పెడితే ఏ ప్రభుత్వమైనా నిలబడుతుందా?