రుక్మిణీదేవి చట్టం అంటే యాభై రూపాయలేనా?

సంక్రాంతి దగ్గరపడినా, ఎక్కడైనా వీధికుక్కలకు విషం పెట్టారని వార్త వచ్చినా ఫోన్లలో ఒక మెసేజ్ మళ్లీ మొదలవుతుంది. మాటలు అటూఇటూ మారినా సారాంశం ఇదే: "డాన్సర్ రుక్మిణీదేవి అరండేల్ దేశం మొత్తంచేత మాంసం మాన్పించాలని బిల్లు పెట్టింది. నెహ్రూ దాన్ని చెత్తబుట్టలో వేశాడు. కంటితుడుపుగా వచ్చిన చట్టంలో శిక్ష 50 రూపాయలు. ఏ జంతువును చంపినా యాభై పారేసి ఇంటికి పోవచ్చు, పోలీసులు కూడా ఏమీ చేయలేరు." ఇందులో నిజమనదగ్గది 50 అనే అంకె ఒక్కటే, అదీ సగం నిజమే.

మాంసం సంగతి ముందు తేలుద్దాం. రుక్మిణీదేవి శాకాహారి, ఆ ప్రచారంలో పేరున్న మనిషి. అంతర్జాతీయ శాకాహార సంఘానికి 1955 నుంచి చనిపోయేదాకా ఉపాధ్యక్షురాలు. ఆ సంఘం ప్రపంచ సమావేశం 1957లో మన దేశంలోనే జరిగింది. తన పళ్లెం విషయంలో అంత పట్టుదల ఉన్నా, ఆమె కృషి ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఎవరి పళ్లెం జోలికీ పోలేదు. సెక్షన్ 11(3) చదివితే చాలు: తిండి కోసం చంపడం నేరం కాదు, చంపేటప్పుడు అనవసరంగా బాధపెడితే నేరం. అంటే కోడిని కోసినందుకు కేసు ఉండదు. అదే కోళ్లను కాళ్లు కట్టి బైకు హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసి ఎండలో ఊళ్లు దాటిస్తే సెక్షన్ 11(1)(డి) వర్తిస్తుంది. మతాచారం ప్రకారం చంపడాన్ని కూడా సెక్షన్ 28 మినహాయించింది. గుడి దగ్గర జంతుబలిని ఆపేది వేరే చట్టం, 1950 నాటి రాష్ట్ర చట్టం. ఈ రెండింటినీ కలిపేసి ఫిర్యాదు రాసేవాళ్లు చాలామందే.

ఇక చెత్తబుట్ట. 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన ఆమె ఆ మరుసటి ఏడాదే ప్రైవేటు సభ్యురాలిగా, అంటే ప్రభుత్వం తరఫున కాకుండా సొంతంగా, బిల్లు పెట్టారు. 1954లో చర్చకు వచ్చినప్పుడు బిల్లు ఉద్దేశం మంచిదేనని నెహ్రూ అన్నారు, ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని, బిల్లు వెనక్కి తీసుకోమని కోరారు. ఆమె తీసుకున్నారు. కమిటీ వేశారు, ప్రభుత్వ బిల్లు వచ్చింది, 1960 డిసెంబర్ 26న చట్టమైంది. ఆలస్యం జరిగింది, నిజమే. కానీ 1890 నాటి బ్రిటిష్ చట్టాన్ని తీసేసి దాని చోట నిలిచింది ఇదే. ఈ చట్టం కిందే 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే, 1986లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. "డాన్సర్" అన్న ఒక్క మాటతో తీసిపారేయగల జీవితం కాదది. కళాక్షేత్ర నృత్య సంస్థ స్థాపకురాలన్న పేరు పెద్దదైపోయి ఈ పని దాని నీడలో పడిపోయింది, అంతే.

యాభై రూపాయల దగ్గరకొద్దాం. సెక్షన్ 11 కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960లో యాభై అంటే యాభయ్యే, ఇప్పుడు రెండు టీల ఖర్చు. ఈ జరిమానాలు చాలవని, పెంచాలని 2014లో జల్లికట్టు తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. ఇంతవరకు మెసేజ్ చెప్పింది ఒప్పే.

తప్పంతా అక్కడే ఆగిపోవడంలో ఉంది. పక్కనే సెక్షన్ 12 ఉంది. దూడ చచ్చిన గేదె పాలు ఎగబట్టితే వెనకనుంచి గొట్టం పెట్టి గాలి ఊదడం పాతకాలపు పద్ధతి, దాన్నే ఫూకా అంటారు. దీనికి శిక్ష 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. 1982 సవరణతో పశువు ఆరోగ్యాన్ని చెడగొట్టే చేపు ఇంజెక్షన్లు కూడా ఇందులోకి వచ్చాయి. రోజూ పొద్దున్నే సూది పొడిచి పాలు పిండేవాడికి యాభై కాదు, రెండేళ్లు పడొచ్చన్నమాట.

"చంపినా యాభయ్యే" అన్నది ఇంకా పెద్ద తప్పు. చంపడం, విషం పెట్టడం, అంగవైకల్యం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా జైలు పడగల నేరం. 2024 జూలై 1కి ముందు జరిగినవాటికి పాత ఐపీసీ 428, 429 వర్తిస్తాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈ సెక్షన్ నిలవాలంటే ఎవరికో ఒకరికి, లేదా ప్రజలకు, నష్టం చేసే ఉద్దేశమో ఎరుకో కనపడాలి. పెంపుడు కుక్క, పాడిగేదె అయితే యజమాని ఉంటాడు, ఇబ్బంది లేదు. వీధికుక్క దగ్గరే వాదన మొదలవుతుంది. అందుకని వీధికుక్కల కేసులో 325 ఒక్కటే రాసి ఊరుకోకూడదు, జంతుహింస నివారణ చట్టంలోని 11(1)(ఎల్) కూడా కలిపి రాయాలి. క్రూరమైన పద్ధతిలో చంపడం గురించిన ఆ క్లాజులో వీధికుక్కల పేరు నేరుగా ఉంది.

పోలీసులు ఏమీ చేయలేరన్నది కూడా తప్పే. జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 31 ప్రకారం 11(1)లోని ఎల్, ఎన్, ఓ క్లాజులు, సెక్షన్ 12 కాగ్నిజబుల్ నేరాలు, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. మిగతా క్లాజులు అలా కావు, మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. స్టేషన్లో "ఇది మా పరిధి కాదమ్మా" అని పంపించేది చాలాసార్లు ఫిర్యాదులో తప్పు క్లాజు ఉండబట్టే.

కోడిపందెం దీనికి మంచి ఉదాహరణ. కోళ్లను పోట్లాటకు ఉసిగొల్పడం ఎం క్లాజు, అది నాన్-కాగ్నిజబుల్. బరి ఏర్పాటు చేయడం, నడపడం, దానికి తోట ఇవ్వడం, లోపలికి వచ్చేవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేయడం ఎన్ క్లాజు, అది కాగ్నిజబుల్. కత్తి కట్టిన కుర్రాడి ఫొటో పట్టుకుని వెళ్తే ఎంలో పడుతుంది. టెంటు వేసినవాడెవడు, తోట ఎవరిది, గేటు దగ్గర డబ్బు తీసుకున్నదెవరు అన్నది రాస్తే ఎన్‌లో పడుతుంది. పందెం డబ్బుకు 1974 నాటి గేమింగ్ చట్టం అదనం. 2016 డిసెంబర్‌లో ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను ఆపమని ఆదేశించింది కూడా ఉన్న చట్టాలను అమలు చేయమనే.

కేసులు నీరుగారేది జరిమానా అంకె వల్ల కన్నా సాక్ష్యం పోగొట్టుకోవడం వల్లే ఎక్కువ. విషం పెట్టిన కుక్కను కంపు కొడుతోందని ఆ పూటే పూడ్చేస్తారు. పోస్టుమార్టం లేకపోతే విషమని చెప్పేదెవరు? కళేబరాన్ని ఐసు మధ్య ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు, కణజాలం పాడవుతుంది. పోలీసుల లేఖతో ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో పోస్టుమార్టం చేయించి, కడుపులోది ల్యాబుకు పంపించాలి. పక్కన మిగిలిన తిండి ముద్దను చేత్తో ముట్టుకోకుండా విడిగా కవర్లో కట్టాలి. వీడియో అయితే తీసిన ఫోన్లోనే అసలు ఫైలు ఉండాలి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీకి తేదీ, చోటు చెరిగిపోతాయి. బతికున్న జంతువైతే సెక్షన్ 34 కింద కానిస్టేబుల్ కన్నా పై ర్యాంకు అధికారి దాన్ని స్వాధీనం చేసుకుని పరీక్షకు పంపొచ్చు. ఫిర్యాదులోనే ఆ మాట అడగాలి.

ఇక ఏ మెసేజ్‌లోనూ కనపడనిది సెక్షన్ 36. నేరం జరిగిన రోజు నుంచి మూడు నెలలు దాటితే ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్ మొదలుపెట్టడం కుదరదు. జనవరి 14న నడిచిన బరికి ఏప్రిల్ మధ్యకల్లా గడువు అయిపోతుంది.