ఓక్రా అంటే "ఓ కూర" అంట, ఇంక ఆపండి బాబూ

ఈ వారంలో ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. ఫ్యామిలీ గ్రూపులో పిన్ని, టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఇద్దరు, పొద్దున్నే మా పాలబ్బాయి కూడా పంపాడు. ఇంగ్లీషోళ్ళు నర్సాపురంలో ఓడ దిగి సంతలో బెండకాయలు చూసి ఇదేంటని అడిగారంట, అమ్మే ఆవిడ "ఓ కూరండి" అందంట, అదే ఇంగ్లీషులో బెండకాయకి ఓక్రా అన్న పేరైపోయిందంట. ఇంకా బెండకాయ తింటే లెక్కలొస్తాయంట, రాత్రి నానబెట్టిన నీళ్ళు 40 రోజులు తాగితే షుగర్ బిళ్ళలు మానెయ్యొచ్చంట, తెలుగోడివైతే పదిమందికి పంపంట.

ముందు పేరు సంగతి. మన సంతలో బెండకాయ చేతిలో పెట్టుకుని "ఓ కూర" అని ఎవరంటారండీ? ఓక్రా పశ్చిమ ఆఫ్రికా మాట, నైజీరియాలో ఇగ్బో వాళ్ళు ఓకురు అంటారు, 1670ల్లోనే ఇంగ్లీషులోకి ఎక్కేసింది. ఇక్కడికొచ్చిన దొరల చెవిన పడిందేంటో కూడా రాసే ఉంది, 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తీస్తే "బెండీ" ఉంటుంది, దక్షిణాదిలో "బాండికాయ్" అంటారనీ ఉంటుంది. అదీ అరవ వెండైక్కాయ్ అని రాశారు, మన ఖాతాలో అదీ పడలేదు.

లెక్కలంటారా, చిన్నప్పట్నుంచీ వారానికి మూడ్రోజులు తిన్నాను, టెన్త్‌లో 38.

అసలు ఒళ్ళు మండేది షుగర్ ముక్కకి. మా మావయ్యది రాజోలు దగ్గర పల్లె, ఎనిమిదేళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ బిళ్ళలు వాడతన్నాడు. ఈ మెసేజ్ చూసి రోజూ రాత్రి మూడు కాయలు నిలువునా చీల్చి గ్లాసులో వెయ్యడం, పొద్దున్నే ముక్కు మూసుకుని ఆ జిగురు మింగడం, బిళ్ళల డబ్బా మాత్రం టీవీ వెనకాల. (నానిన కాయలు అత్తయ్య పారెయ్యలేక మజ్జిగ పులుసులో వేసేది, మొత్తం వైద్యంలో పనికొచ్చింది అదొక్కటే.) నెల తిరక్కుండా తోటలో కొబ్బరి మట్ట గీరుకుంది, దెబ్బ తగిలినట్టే తెలీలేదంట, చెప్పు తడిగా ఉందేంటని చూసుకుంటే రక్తం. పుండు మానకపోతే టెస్ట్ చేయించాం, 412. ఇప్పుడు ఇన్సులిన్ పొడుచుకుంటున్నాడు. నిజమైన తెలుగోడు మరి, ఆయన కూడా పదిమందికి పంపే ఉంటాడు.

ఆ జిగురు పీచే, తిన్న అన్నంలో చక్కెర రక్తంలోకి చేరడాన్ని కాస్త నెమ్మది చెయ్యొచ్చు, అంతవరకు ఒప్పుకుంటా, కూరొండుకుని శుభ్రంగా తినండి. కానీ దానికి చక్కెరేదో బిళ్ళేదో తెలీదుగా, 2011లో ఎలుకల మీద చూస్తే మెట్‌ఫార్మిన్‌ని కూడా ఒంటికి పట్టకుండా అడ్డుకుంది. ఎలుకలే, మనుషులు కాదు, అయినా బిళ్ళ వేసుకుంటూనే ఈ నీళ్ళు తాగేవాళ్ళు డాక్టర్‌ని ఒక్క మాట అడిగితే పోయేదేముంది? మానెయ్యమన్నోడి సంగతి ఇంక చెప్పక్కర్లేదు, వాడి ఫోన్ నంబర్ ఆ మెసేజ్ కింద ఎప్పుడూ ఉండదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. నర్సాపురం పక్కనే మాధవాయిపాలెం, 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు అక్కడ కోఠీ పెట్టారు, ఆ ఊరి పేరే ఒకరకం నూలు గుడ్డకి ఇంగ్లీషులో "మడపోలం" అయి కూర్చుంది. అంటే ఆ రేవు నుంచి ఓ మాట ఓడెక్కిన సంగతి నిజమే. ఆ మెసేజ్ రాసినోడు కూర బదులు గుడ్డ అని రాసుంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.