సవరణ: లవ్‌క్రాఫ్ట్ వచనం గురించి రెండు తప్పులు

అమెరికన్ భయానక కథల రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ తన భయంకర జీవులను ఎక్కడా వర్ణించడని, ‘వర్ణనాతీతం’ అని తప్పించుకుంటాడని ఇంతకుముందు రాశాం. అది తప్పు. 1931లో రాసిన నవలిక ‘ఎట్ ద మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ చూడండి. అంటార్కిటికాలో దొరికిన జీవి మొత్తం పొడవు 8 అడుగులు. అయిదు గట్లున్న పీపాలాంటి మొండెం 6 అడుగులు, దాని నడుమ వ్యాసం 3.5 అడుగులు, చివర్లలో 1 అడుగు. ఇదంతా శాస్త్రవేత్త వైర్‌లెస్‌లో పంపే నివేదిక కాబట్టి వాక్యాలు తెగ్గొట్టినట్టుంటాయి, విశేషణాలు బాగా తక్కువ. చివర్లో షోగాత్ అనే రాక్షస జీవి వచ్చినప్పుడు ‘వర్ణించలేనిది’ అంటాడు, నిజమే. కానీ అదే వాక్యంలో భూగర్భ రైలుకన్నా పెద్దదని, జీవపదార్థపు బుడగల ముద్ద అని, దాని మీద కళ్లు పుడుతూ కరిగిపోతూ ఉంటాయని చెప్పేస్తాడు. ఆ విశేషణం వర్ణనకు ముందు పడే అడుగు మాత్రమే. అనువాదంలో కొలతలను ‘భారీ’, ‘బ్రహ్మాండం’ అని మార్చేస్తే ఈ కట్టడమంతా కూలిపోతుంది.

ఇదే నవలిక ఆధారంగా ఆయన పేరాలు పొట్టివని కూడా అన్నాం. మేం చూసింది 1936 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ‘అస్టౌండింగ్ స్టోరీస్’ పత్రికలో ధారావాహికగా వచ్చిన పాఠం. అక్కడి సంపాదకులు పొడవాటి పేరాలను విడగొట్టారు, విరామచిహ్నాలు మార్చారు, చివరి భాగంలో కొన్ని వాక్యాలు తీసేశారు. లవ్‌క్రాఫ్ట్‌కు అది చాలా బాధ కలిగించింది. అసలు పేరాలు పెద్దవి. ఊపిరాడని ఒత్తిడి వాటి పొడవులోంచే వస్తుంది. శైలిని అంచనా కట్టడానికి లవ్‌క్రాఫ్ట్ పరిశోధకుడు ఎస్.టి. జోషి సరిచూసిన, ఆర్ఖామ్ హౌస్ ప్రచురణ సంస్థ 1985లో వేసిన ప్రతి తీసుకోండి.